నేల మీద టేపు గోడలు

నైట్ డ్యూటీ ఉన్న వారాల్లో నా భార్య ఉదయం ఎనిమిదీ నలభైకి ఇల్లు చేరుతుంది. ఆమె పనిచేసే ఆసుపత్రికీ మయూర్ విహార్‌లోని మా ఫ్లాటుకూ మధ్య పదకొండు కిలోమీటర్లు. స్నానం, టిఫిను, పసివాడికి పాలు పూర్తయ్యేసరికి తొమ్మిదిన్నర. మూడింటికి మా అమ్మాయి బడి నుంచి వస్తుంది. నడుమ ఐదున్నర గంటలు మిగులుతాయి. రెండో బిడ్డ పుట్టాక ఇల్లు తిరిగి అమర్చుకునేటప్పుడు నేను తేల్చవలసిన లెక్క ఒక్కటే: ఆ ఐదున్నర గంటల నిద్రను ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

అప్పటికి ఆమె ప్రసూతి సెలవు ఇంకా మూడు వారాలే ఉంది. ఆమె తన మాట స్పష్టంగా చెప్పేసింది.

"ఐసీయూలో కునికిపాట్లు పడుతూ సూది పట్టుకోలేనండీ. పగలు నిద్ర కుదిరితే డ్యూటీ, లేదంటే రాజీనామా."

పన్నెండేళ్లుగా ప్రేమించి చేస్తున్న ఉద్యోగం అది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె నా వైపు కాక కిటికీ వైపు చూసింది.

మా ఫ్లాటు రైలుపెట్టెలా పొడవుగా ఉంటుంది. ముందు వీధివైపు హాలు, నడుమ చిన్న గది, వెనక సందువైపు పడకగది, దాన్ని ఆనుకొని వంటిల్లు. కొని రెండు నెలలే అయింది. మా నలుగురితోపాటు, పసివాణ్ణి చూసుకోవడానికి బాపట్ల నుంచి వచ్చిన మా అత్తగారు. ఐదుగురికీ హాలు చాలదు. హాలుకూ నడిమి గదికీ మధ్య ఉన్నది పూతతో కలిపి పద్నాలుగు సెంటీమీటర్ల అడ్డుగోడ. పై కప్పు బరువు దాని మీద లేదు. కట్టడాల బలం లెక్కగట్టడమే నా వృత్తి కనుక నిర్ధారించుకొని, సొసైటీ అనుమతి తీసుకొని, దాన్ని తీయించాను. ఆ సాయంత్రం వీధివైపు వెలుగు మొదటిసారి నడిమి గది దాకా వచ్చింది. మా అమ్మాయి బాల్కనీ నుంచి ఫ్రిజ్ వరకు పరుగెత్తి, వెనక్కి పరుగెత్తి, మళ్లీ పరుగెత్తింది.

వడ్రంగి వచ్చేలోగా నా నమూనాను నేల మీద నీలం టేపుతో నిజమైన కొలతలకు అతికించాను. అల్మరా ఇక్కడ, మడత తలుపులు అక్కడ, నడుమ మూడు మీటర్లకు రెండూ డెబ్బై ఆటస్థలం, దాని పక్కగా తొంభై సెంటీమీటర్ల నడవ. భార్య నిద్రకు వెనక పడకగది. వీధి తలుపుకు అన్నిటికన్నా దూరం అదే. కట్టకముందే రెండు వారాలు ఆ గీతల్లో కాపురం చేసి చూద్దామన్నాను.

ఆ ఏర్పాటును అందరికన్నా గట్టిగా నమ్మింది మా ఆరేళ్ల అమ్మాయి. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది.

"అమ్మమ్మా! ఉధర్ సే నహీ! దీవార్ హై! దర్వాజా ఇధర్ హై!"

"నా మోకాళ్లు అరిగిపోతున్నాయే తల్లీ, ఈ ఒక్క గోడ దూకనియ్యవే."

"నహీ!"

మా అత్తగారు చుట్టూ తిరిగి టేపు తలుపు దగ్గరికి వచ్చి, గాలిలో రెండుసార్లు తలుపు తట్టి, నా వైపు చూశారు.

"అల్లుడుగారూ, గోడలు భేషుగ్గా ఉన్నాయి. సున్నం ఎప్పుడేయిస్తారు?"

నేను చాయ్ పట్టుకొని అల్మరా గుండా నడిచినందుకు అమ్మాయి నన్ను వెనక్కి పంపింది. నీలం గీత మీద ఆరబెట్టిన బట్టల బుట్ట పెడితే, దాన్ని "గోడలోంచి" బయటికి లాగింది.

నిద్ర ప్రయోగం సోమవారం మొదలైంది. పసివాడు రాత్రంతా ఆమెను మెలకువగానే ఉంచుతున్నాడు కనుక నైట్ డ్యూటీకి లోటు లేదు. వెనక గదిలో కిటికీలు మూసి, మందపాటి తెర దించాను. పది గంటలకు సందులోకి కూరగాయల బండి వచ్చింది. ఆలూ, ప్యాజ్, టమాటర్ అని రికార్డు చేసిన గొంతు, ఆగకుండా. ఆ తర్వాత పాత సామాన్లు కొనే కబాడీవాడు, తన కేకతో. ఆ తర్వాత గోడకవతల మా వంటింట్లోనే మిక్సీ. పగలు ఆ గదిలో పడుకోవలసిన అవసరం అప్పటిదాకా ఎవరికీ రాలేదు. వచ్చాక గాని ఆ మోత మోతగా వినిపించలేదు. మంగళవారమూ అంతే. బుధవారం ఆమె ఎర్రబడిన కళ్లతో లేచి, "ఇక రాజీనామా రాసిచ్చేస్తానండీ," అంది. వడ్రంగి శనివారం వస్తాడు.

గురువారం దసరా సెలవు. నాకు మాత్రం సైటు పని ఉంది. మూడుంపావుకు తిరిగి వచ్చేసరికి తలుపు ఓరగా తీసి ఉంది. లోపల అమ్మాయి టేపు దగ్గర పెదవుల మీద వేలు పెట్టుకొని నిలబడింది.

"నాక్ కరో," అంది గుసగుసగా, గాలిలో తలుపు చూపిస్తూ.

ఆటస్థలం నడుమ, చాప మీద, నా భార్య గాఢనిద్రలో ఉంది. పసివాడికి పాలిచ్చి అక్కడే ఒరిగిపోయిందట. నేను నడవలోంచి వెనక్కి వెళ్లాను. మా అత్తగారు వెనక గదిలో పిల్లవాణ్ణి ఒళ్లో వేసుకొని వెల్లుల్లి ఒలుస్తున్నారు.

"పొద్దున్నుంచీ నా నోరు కట్టేసింది మీ కూతురు. మిక్సీకి తాళం. రోటి పచ్చడే ఇవాళ."

"ఎంతసేపయింది?"

"తొమ్మిదీ నలభైకి పడుకుంది."

నేను గోడవారగా కూర్చొని నమూనా కాగితాన్ని మళ్లీ చూశాను. దూరం వీధి తలుపు నుంచి కొలిచాను. చప్పుడు వచ్చే చోట్ల నుంచి కొలవలేదు. వీధికీ, వెనక సందుకూ, వంటింటికీ ఒకేసారి దూరంగా ఉండేది ఇంటి నడిబొడ్డు. అటూ ఇటూ ఉన్న గదులే దానికి మందపాటి గోడలు. మిగతా పని టేపూ, దానికి కాపలా కాసిన మా అమ్మాయీ చేశారు.

ఆమె మూడున్నరకు కళ్లు తెరిచి, చుట్టూ మమ్మల్నందరినీ చూసి కంగారుపడింది.

"ఏమైంది? ఎవరికైనా బాలేదా?"

"నువ్వు నిద్రపోయావే," అన్నారు అత్తగారు, శుభవార్త చెబుతున్నట్టు.

ఆ రాత్రే నమూనా మార్చాను. నడిమి చోటుకు హాలువైపూ నడవవైపూ పైపట్టాల మీద జరిగే మడత తలుపులు; కింద పట్టా లేదు, కనుక నేల అంతా ఒకటే. తొమ్మిదిన్నరకు మూస్తే అది చీకటి గది. మూడింటికి మడిచేస్తే ఇల్లంతా ఒకే హాలు. అమ్మాయి సైకిలు తొక్కుతుంది, పసివాడు పాకుతాడు. నవంబరులో మొదటిసారి మా చర్చివాళ్ల ప్రార్థన కూటం మా ఇంట్లో జరిగింది. ఇరవై ఆరుమంది నేల మీద కూర్చున్నారు. అంతకుముందు వారమంతా నా భార్య నైట్ డ్యూటీకి వెళ్లి, పగలు నిద్రపోయింది.

ఖర్చు లక్షా ఎనభై నాలుగు వేలు, అంచనా కన్నా ఇరవై రెండు వేలు ఎక్కువ. పోయినవి: ఒక గోడ, ముగ్గురు కూర్చునే సోఫా, నా రాతబల్ల, మోస్తుండగా పగిలిన షోకేసు అద్దం. నేల మీద టేపు జిగురు మరక ఒకటి, మీటరు పొడవున, ఇంకా వదల్లేదు.