కమానుకు టైల్స్ వద్దన్న మా మరిది

మా మరిది పోయాడని పొద్దున్నే ఆయన కొడుకు ఫోన్ చేశాడు. ఏడుస్తూనే, "పెద్దమ్మా, బాపు నిచ్చెన మీదికెళ్లి పడలే, గుండె ఆగింది" అన్నాడు. ఆ మాటే ముందు ఎందుకు చెప్పాడో సంగారెడ్డిలో మా వీధివాళ్లందరికీ తెలుసు. డెబ్బై దాటిన మనిషి నిచ్చెనెక్కితే ఏదో ఒకనాడు పడతాడని నేను అందరి ముందూ తిడుతుండేదాన్ని. ఆయన మంచం మీద నిద్రలో పోయాడు. నా మాట తప్పని తేల్చడం ఆయనకు మొదటినుంచీ అలవాటే.

మా వీధి మొదట్లో పాత రాతి కమాను ఉంది. ఎవరు కట్టించారో ఆధారం లేదు, కథ మాత్రం ఇంటికొకటి ఉంది. దాని కిందినుంచి ఆటో దూరుతుంది, లారీ దూరదు. కురుస్తున్న మా పెంకుటిల్లు తీసేసి స్లాబు ఇల్లు కట్టాలనుకున్నప్పుడు, కాంక్రీటు లారీ లోపలికి రాదన్నారు. కమాను తీయించమని వీధంతా అర్జీ పెడితే నేనూ సంతకం చేశాను. చేయనిది మా మరిది ఒక్కడే.

అలాగని ఆయన పాతకాలం మనిషి కాదు. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ షెడ్లు నిలబెట్టే పనిలోనే బతుకంతా గడిపాడు. ఇనుమన్నా గాజన్నా ఇష్టం. కిష్టారెడ్డిపేటలో నా మనుమరాలి అపార్ట్‌మెంట్ చూసి బాగుందన్నాడు. వాకిట్లో పాతకాలపు రాతి స్తంభాల్లా నిలబెట్టిన ఫైబర్ స్తంభాలను మాత్రం వేలితో కొట్టి, వాచ్‌మన్ ముందే, "గియ్యి దేనికి? కొత్తది కొత్తగుండాలె, పాతది పాతగుండాలె" అన్నాడు. ఎక్కడికెళ్లినా గోడను కొట్టి చూడటం ఆయన రోగం. పెళ్లిచూపులకు వెళ్లిన ఇంట్లోనూ కొట్టాడు. మేం ఇల్లు బేరానికి వచ్చామేమోనని వాళ్లు కంగారుపడ్డారు.

"లారీ రాకుంటే నా స్లాబు నువ్వు మోస్తవా?" అని ఒకనాడు నిలదీశాను.

"లారీ బయటనే ఉంటది వదినె. పంపు పైనుంచి పోస్తది. జెర ఓపిక పట్టు."

"ఓపిక పట్టనీకి నాదేమన్న చిన్న వయసా?"

"కమానుకన్న చిన్నదానివే గద."

స్లాబు రోజు బయట నిలిపిన పంపు పొడవాటి గొట్టం చెయ్యిలా కమాను మీదుగా లేచి, వంగి, మా ఇంటి మీద కాంక్రీటు పోసింది. ఆయన ఫ్యాక్టరీ హెల్మెట్ పెట్టుకుని కింద నిలబడి "ధీరే, భయ్యా, ధీరే" అని, మెల్లగా పొయ్యమంటూ పంపు నడిపే పిల్లవాడి ప్రాణం తీశాడు. ఎదురింటావిడ నాతో, "మీ మరిదికి గా రాళ్లనిచ్చి పెండ్లి చేయాల్సుండె అక్కా" అంది. ఆ తర్వాత ఇల్లు కట్టిన ప్రతివాళ్లూ పంపునే పిలిపించారు. అర్జీ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అంతటితో ఊరుకున్నాడా? నిచ్చెనేసుకుని కమాను రాళ్ల సందుల్లో ఎవరో మెత్తిన సిమెంటును గీకడం మొదలుపెట్టాడు. "సిమెంటు పెడితే చెమ్మ లోపల్నే ఉంటది వదినె. గోడకు ఊపిరాడాలె." సిమెంటు తీసిన చోట సున్నం పెట్టాలట. దాన్ని నానబెట్టడానికి నా మంచినీళ్ల డ్రమ్ము అడగకుండానే ఎత్తుకుపోయాడు.

దశదినకర్మ అయిన మర్నాడు వీధి కుర్రాళ్లు నా దగ్గరికి వచ్చారు.

"పెద్దమ్మా, కాక యాదికి కమానుకు మొత్తం టైల్స్ ఏపిస్తం. పైన ఫోటో, లైటింగ్ గిట్ల పెడ్తం."

ప్రేమతోనే అన్నారు. నాకు మాత్రం తల బాదుకోవాలనిపించింది. మనిషి ఊపిరున్నంతకాలం వద్దు వద్దన్న పనిని, ఆయన పేరు పెట్టే చేస్తారట.

"టైల్స్ మీ బాత్రూంలల్ల ఏసుకోండ్రి. కాక మీద అంత ప్రేముంటే సున్నం పెట్టుడు నేర్చుకోండ్రి."

"సున్నం ఇప్పుడెవరు నేర్పుతరు పెద్దమ్మా?"

కొన్నాళ్లు ఆగుతామని వెళ్లారు. ఎన్నాళ్లు ఆగుతారో చెప్పలేను.

ఆయన చివరగా సున్నం పెట్టిన చోటు చేతికందే ఎత్తులోనే ఉంది, ఇంకా పచ్చి ఆరలేదు. తొందరగా ఎండితే పగులుతుందని గోనెసంచి కప్పి వెళ్లాడు. తడపడం నా పనైంది. మోకాళ్ల నొప్పులతో పొద్దున్నే చెంబు పట్టుకుని, ఆయన్ను తిట్టుకుంటూనే వెళ్తున్నాను. ఆ వేళకు ఫ్యాక్టరీ బస్సు అందుకోవాలని వెళ్లేవాళ్లు, టిఫిన్ డబ్బాలు చంకన పెట్టుకుని, గోనెనుంచి కారే నీళ్లు మీద పడకుండా పక్కకు ఒదిగి, ఒకరి వెనుక ఒకరు కమాను దాటుతుంటారు.