చేతికి తగిలిన గోలు

బాలనేరస్థుల హోమ్‌లో ఫుట్‌బాల్ నేర్పే కోచ్‌గారికంటే ముందు ఆయన పొట్ట మైదానంలోకి వస్తుంది. మైదానం అంచు గీత పక్కన కుర్చీ వేసుకుని, బూటు విప్పి కాలివేళ్లు నలుపుకుంటూ, “ఆట మనిషిని బాగుచేస్తుందిరా, వెధవల్లారా!” అని అరుస్తుంటాడు. బయటి స్కూళ్లతో ఆడిన ప్రతిసారీ ఆయన జట్టు చిత్తుగా ఓడింది. ఆ రోజు మాత్రం ఆట సరిసమానంగా నడిచి, ఆఖర్లో హోమ్ జట్టు గోలు కొట్టింది. కోచ్ కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. అంతలో గోలు కొట్టిన కుర్రాడు, సెల్‌ఫోన్లు కొట్టేసి హోమ్‌కి వచ్చినవాడే, రిఫరీ దగ్గరికెళ్లి “బంతి నా చేతికి తగిలింది సార్” అన్నాడు. గెలుపు కాస్తా గాలికి పోయింది.

“స్టేషన్లో ఎంత అడిగినా నోరు విప్పనివాడివి! నిజం చెప్పడానికి ఇప్పుడే ముహూర్తం కుదిరిందిట్రా?” అని కోచ్ మండిపడ్డాడు.

“అక్కడ అడిగింది పోలీసులు సార్. ఇది మన ఆట కదా.”

కోచ్ సాయంత్రందాకా మూతి ముడుచుకునే ఉన్నాడు. భోజనాల దగ్గర వాడి పక్కనే కూలబడి, “రేపట్నించి నువ్వే కెప్టెన్‌వి. ఇంకోసారి నిజం చెప్పావో, కాళ్లు విరగ్గొడతా” అన్నాడు.