అమ్మ మర్చిపోయిన పీత ఉండలు

మా చిన్నప్పుడు... ఒక్కో ఆదివారం కొండాపూర్‌లో మేముండే అద్దె పోర్షన్‌లో అమ్మ పీతలు ముందేసుకుని కూర్చునేది. నాన్న ఉద్యోగం కోసం కాకినాడ నుంచి వచ్చిన వాళ్లం. పుట్టింటి మీద బెంగ పుట్టినప్పుడల్లా అమ్మ పీత ఉండలు చేసేది.

పసుపూ ఉప్పూ వేసి ఉడకబెట్టి, డిప్పలు విప్పి, కాళ్లు చితక్కొట్టి, లోపలి తెల్లటి కండ పుల్లతో తీసేది. పెంకు ముక్కలు ఏరడం నా పని. రెండు గంటలు కష్టపడితే చిన్న గిన్నెడు కండ... అందులో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర కలిపి, ఏదో పిండి చల్లి, ఉండలు చుట్టి మూకుట్లో ఎర్రగా వేయించేది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక ఆదివారం, ఇంకా మొదటి వాయి కూడా వేయలేదు... కింద ఉండే ఇంటి ఓనరు పైకి వచ్చాడు.

"ఏందమ్మా గీ వాసన? ఇంట్ల చుట్టాలున్నరు, మా ఇజ్జత్ ఏం గావాలె? ఇగ గిట్లయితే ఇల్లు ఖాళీ చేయుండ్రి!"

"తప్పయిందండి... ఇంకెప్పుడూ వండనండి."

"ముందు గవి తీస్కపోయి పారేయుండ్రి. అయ్యేదాంక నేను ఈడనే ఉంట."

చుట్టిన ఉండలన్నీ పళ్లెంతో సహా పట్టుకుని అమ్మ మెట్లు దిగింది. వీధి చివర చెత్తకుప్పలో వేసి వచ్చింది. అందరూ చూస్తుండగానే. నాన్న పేపర్ చదువుతూనే ఉన్నారు... తల ఎత్తలేదు.

"నువ్వెందుకు మాట్లాడలేదు నాన్నా?" అని ఏడుస్తూ అడిగాను.

"ఆఫీసుకి ఇంత దగ్గర్లో ఇంకో ఇల్లు దొరకద్దూ? నోరు మూసుకో" అన్నారు.

ఆ ఓనరు మీద కంటే నాన్న మీదే నాకు ఎక్కువ మండింది. ఇప్పటికీ మండుతుంది. ఆ ఇంట్లో ఇంకో పదకొండేళ్లున్నాం. అమ్మ మళ్లీ పీత ముట్టుకోలేదు. తర్వాత ఇళ్లు మారినా చేయలేదు... అడిగితే "ఎందుకులేవే గొడవ" అనేది.

మొన్న ఆదివారం కోకాపేటలోని మా ఫ్లాట్‌కి అమ్మా నాన్నా వచ్చారు. నేనే పీతలు తెచ్చి అమ్మ ముందు పెట్టాను. ఇది నా సొంత ఇల్లు... అయినా అమ్మ ముందుగా కిటికీలన్నీ మూసింది. ఒళ్లు మండిపోయింది నాకు.

కండంతా తీశాక అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఇందులో శనగపిండి వేసేదాన్నా, బియ్యప్పిండా? గుర్తు రావట్లేదే..."

ఏదో అందాజుగా వేసింది. నూనెలో వేసిన ఉండ వెంటనే విచ్చిపోయింది. అమ్మ చిల్లుల గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాళ్లమ్మ దగ్గర నేర్చుకున్న వంట... ఒక మనిషి అరుపుకి, ఇంకో మనిషి మౌనానికి పోయింది. ఇప్పుడు ఎవర్ని అడగాలి? అమ్మమ్మ కూడా లేదు.

మిగతాదంతా పొడిపొడిగా వేయించి అన్నంలో కలుపుకుని తిన్నాం. నాన్న రెండు ముద్దలు తిని లేచారు. కిటికీలు ఒక్కొక్కటే తెరిచి వచ్చి కూర్చున్నారు. నా కోపం తగ్గలేదు. కానీ చూశాను.

ఇప్పుడు పీతలు శుభ్రం చేసి మరీ గుమ్మం దాకా తెచ్చిస్తున్నారు... చేసే చేతికే దారి తెలియడం లేదు. మీ ఇంట్లోనూ ఎవరికో భయపడి మానేసిన వంట ఉందా? ఉంటే ఇక్కడ రాయండి. అంతకంటే ముందు... మీ అమ్మకి గుర్తుండగానే వెళ్లి అడగండి.