గడిలో నా సగం

దొర గడిలో మా అమ్మమ్మ నిండు నెలలతో వెట్టికి వడ్లు దంచిందని నేను ఎక్కడ చెప్పినా, "నువ్వు చూసినవా?" అని నోరు మూయించేవాళ్లు. అప్పుడు ఆమె కడుపులో ఉన్నది మా అవ్వ, నన్ను కన్నతల్లి. నేను పుట్టడానికి ఇంకా ఇరవై ఏళ్లుంది. చూడనివాడు మాట్లాడనే కూడదా అని లోపల మండిపోయేవాణ్ని.

ఒకసారి కరీంనగర్ నుంచి బెల్లంపల్లి వైపు పోయే బస్సులో, నా పక్క సీటు అమ్మాయి ఒళ్లో థర్మాకోల్ డబ్బా పెట్టుకుని కూర్చుంది.

"ఏమున్నయ్ బిడ్డా, చేపలా?"

"మేకల అండాశయాలు తాతా. కబేళాల అడిగి తెచ్చుకున్న. అండ్ల గుడ్లను ఏ జన్యువు ఎదగనిస్తదో మా ల్యాబుల చూస్తం."

"ఈనిన మేకలవా?"

"ఈనకున్నా ఉంటయ్. ఆడ మేకపిల్ల తల్లి కడుపుల ఉన్నప్పుడే దాని గుడ్లన్నీ తయారైతయ్."

నేను నిటారుగా కూర్చున్నాను. "మనుషులకు గూడనా?"

"గంతే తాతా. మీ అవ్వ మీ అమ్మమ్మ కడుపుల ఉన్నప్పుడే మీ గుడ్డు గూడ గాడనే ఉన్నది. సగం మీరనుకోండ్రి. కడమ సగం మీ బాపుది."

ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను. మూడోసారి అడిగితే నవ్వింది. ఈలోగా నేను దిగాల్సిన స్టేజీ దాటిపోయింది.

తర్వాత మా ఊరి సభలో వెట్టి సంగతి ఎత్తగానే, వెనక నుంచి ఎవరో అలవాటుగా అడిగారు: "నువ్వు చూసినవా తాతా?"

"చూడలే," అన్నాను. "కడుపుల ఉన్నోనికి ఏం కనబడుతది? రోకటి దెబ్బ మాత్రం నాకూ తగిలింది."