కర్నల్ తినే దాణా ఏ మిల్లుది?

మా వదిన ఆర్డిత్ పెల్‌ఫ్రీకి మనుషులంటే పెద్ద గౌరవం లేదు. మా ఆయనకు స్వయానా అక్క కాబట్టి ఈ మాట నేను ధైర్యంగా చెప్పగలను. పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లు లేక కాదు, ఒక్కడికీ పలువరస బాగాలేదట! అంత పట్టింపు మనిషి చివరికి నోట్లో పన్నే లేని ముసలి గుర్రం మీద ప్రాణం పెట్టుకుంది.

ఆ గుర్రం పేరు కర్నల్. గడ్డి నమలలేదు. సంచుల్లో వచ్చే గుళికల దాణాను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి జావలా కలిపి పెడితే జుర్రుకుంటుంది. మా కెంటకీలో గుర్రాన్ని ముద్దు చేయడం తప్పేమీ కాదు గానీ, వదిన ఆ జావను ముందు తన మోచేతి మీద చుక్క వేసుకుని వేడి చూసేది. మా ఆయనకు కాఫీ అయినా ఎవరూ అలా చూసివ్వలేదు.

ఒక ఆదివారం చర్చి భోజనాల దగ్గర ఎవరో కబురు మోసుకొచ్చారు. పక్క కౌంటీలో ఒకాయన గుర్రాలు దాణా తిని పడిపోయాయట. ఆవులు ఏపుగా పెరగడానికి వాటి దాణాలో ఒక మందు కలుపుతారు. ఆవుకు మేలు చేసే ఆ మందు గుర్రం కడుపులో పడితే గుండె దెబ్బతింటుంది. ఒకే యంత్రంలో ముందు ఆవులది, తర్వాత గుర్రాలది ఆడిస్తే అడుగున మిగిలింది ఇందులో కలుస్తుంది. అది వినగానే వదిన చేతిలో కోడి ముక్క చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున్నే సంచి తిరగేసి చూసింది. ఏ కంపెనీ కోసం చేశారో ఉంది, ఎక్కడ ఆడించారో లేదు. కంపెనీకి ఫోన్ చేసింది.

"నాణ్యతే మా ప్రాణమండీ" అంది అవతల అమ్మాయి.

"నీ ప్రాణం సంగతి నేనడగలేదు తల్లీ, మా కర్నల్ ప్రాణం సంగతి అడుగుతున్నా. దాణా ఎక్కడ ఆడిస్తారు?"

"అది బయటికి చెప్పకూడదండీ."

"ఏం, మిల్లేమైనా దొంగసారా బట్టీయా? దొంగసారా బట్టీ ఎక్కడుందో అడుగు, మా ఊళ్లో పాస్టరుగారు కూడా దారి చెప్తారు!"

వేరే కంపెనీది కొందాం వదినా అన్నాను. "దానిది మాత్రం ఏ మిల్లో నీకు తెలుసా?" అని నా మీద పడింది. నాకెందుకొచ్చిన గొడవని కారు తాళాలు తీశాను. ఇద్దరం దాణా కొట్టుకు వెళ్లాం. కొట్టు యజమాని డెల్మర్ స్టిడమ్‌ను నిలదీస్తే, "లారీలోంచి వస్తుంది" అన్నాడు మహానుభావుడు. సంచులు దించేసి వెళ్లబోతున్న లారీ డ్రైవరేమో, "చెబితే నా ఉద్యోగం ఊడుతుందమ్మా" అన్నాడు.

"నువ్వు చెప్పొద్దులే నాయనా, నడుపు చాలు" అని వదిన వచ్చి నా కారులో కూలబడింది. "వెల్మా, వాడి వెనకాలే పోనీ!"

ఒకటే పొగమంచు. దీపాలు వేసుకుని, కొండదారిలో లారీ వెనకే మెల్లగా పోనిస్తున్నాను. ఉన్నట్టుండి వదిన బావురుమంది. "పొద్దున్నించి కర్నల్‌కి ఏమీ పెట్టలేదే. పెడితే విషమేమోనని భయం, పెట్టకపోతే ఆకలి. బకెట్ దగ్గర నిలబడి నా వైపే చూస్తున్నాడే!" నాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పాడు గుర్రం.

ఇంతలో ఎదురుగా వచ్చే కార్లు పక్కకు తీసి ఆగిపోవడం మొదలైంది. ట్రాక్టర్ దిగి ఒక ముసలాయన టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. ఖాళీ లారీ మీద నల్ల టార్పాలిన్‌ను చుట్టగా చుట్టి, శవపేటికలా పొడుగ్గా, తాళ్లతో కట్టి ఉంది. దాని వెనకాలే, దీపాలు వేసుకుని నెమ్మదిగా మా కారు, అందులో రుమాలుతో ముక్కు చీదుతున్న ముసలమ్మ. రైతును ఆఖరిసారి లారీ మీద, వెనక బళ్లన్నీ పట్టపగలే దీపాలు వేసుకుని, తీసుకెళ్లడం మా దగ్గర కొత్త కాదు. శవయాత్ర కనిపిస్తే ఆగకుండా పోయేవాడు మావైపు మనిషే కాదు. కొందరైతే ఇంకో అడుగు ముందుకేసి, దీపాలు వేసుకుని మా వెనక చేరారు.

అలా మిల్లు గేటు దగ్గరికి పెద్ద ఊరేగింపుగా చేరాం. మేనేజర్ క్లైడ్ హెన్స్లీ కంగారుగా బయటికొచ్చి టోపీ తీశాడు.

"ఎవరమ్మా పోయింది?"

"ఇంకా ఎవరూ పోలేదు నాయనా. పోకూడదనే వచ్చాను."

"అయితే లారీ మీదున్నది ఎవరు?" అని వెనక నుంచి ఒకాయన.

"టార్పాలిన్ అండీ" అన్నాడు డ్రైవరు.

"టార్పాలిన్‌కా నేను టోపీ తీసింది!"

వదిన అదేం పట్టించుకోలేదు. ఇక్కడ ఆవుల దాణా కూడా ఆడిస్తారా అని సూటిగా అడిగింది. ఆడిస్తామన్నాడు హెన్స్లీ. ఆ మందు వేసిన ప్రతిసారీ తర్వాత ఉత్త మొక్కజొన్న ఆడించి యంత్రం శుభ్రం చేస్తామని, భయమేమీ లేదని ఉపన్యాసం ఇచ్చాడు. బాగానే చెప్పాడు. జనం తలలు కూడా ఊపారు.

"మీ ఇంట్లో గుర్రాలున్నాయా బాబూ?" అంది వదిన.

"మా అమ్మాయికో పొట్టి గుర్రం ఉందండీ."

"దానికేం పెడతావు?"

హెన్స్లీ చేతిలో టోపీని అటూ ఇటూ తిప్పాడు. చర్చికి పోయే మనిషి, అంతమంది ముందు అబద్ధం ఆడలేకపోయాడు. "నది అవతల మిల్లుదండీ. అక్కడ గుర్రాల దాణా ఒక్కటే ఆడిస్తారు. ఆ మందును గడప తొక్కనివ్వరు."

టార్పాలిన్ ఆయన పెట్టుకున్న టోపీ మళ్లీ తీశాడు.

"మీ అమ్మాయి గుర్రానికి అదీ, నా కర్నల్‌కి ఇదీనా?" అంది వదిన. అరవలేదు. అరిస్తే బాగుండేది, పాపం అతనికి.

హెన్స్లీ తన బండి తీసి, దీపాలు వేసి, నది అవతలి మిల్లు వైపు తిప్పాడు. ఆ వెనక మేము, మా వెనక ఊరేగింపంతా. దారిలో మళ్లీ కార్లు ఆగాయి, మళ్లీ టోపీలు తీశారు. వదిన ఈసారి కిటికీ దించి, "బతికే ఉన్నాడు, బతికే ఉన్నాడు!" అని అందరికీ చెయ్యి ఊపుతూ కూర్చుంది.