వెనకవైపు ఎర్ర బటన్

దెయ్యాలన్నా ఆత్మలన్నా నాకు ఏనాడూ నమ్మకం లేదు. అది చదువు వల్ల వచ్చింది కూడా కాదు. మా నాన్న సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేస్తాడు. నా చిన్నప్పుడు మా గల్లీలోని ఒక కార్ఖానాలో మగ్గం దానంతట అదే ఆడుతోందని పుకారు పుట్టింది. అక్కడ చనిపోయిన మనిషే వచ్చి నడుపుతున్నాడన్నారు. నాన్న లోపలికి వెళ్లి చూసొచ్చి, "ఏం లేదు, మోటర్ బంద్ జేయలే. జారిన పట్టా మల్ల ఎక్కింది, గంతే" అన్నాడు. కారణం లేకుండా ఏ యంత్రమూ కదలదు, ఏ యంత్రమూ ఆగదు అన్నది నాకు ఇంట్లోనే అబ్బిన సంగతి.

అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లు వెనకాడాను.

నేను సూరత్‌లోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పీహెచ్‌డీ చేశాను. విషయం మిల్లింగ్. గిర్రున తిరిగే కట్టర్‌తో లోహాన్ని పొరలుపొరలుగా చెక్కడమే మిల్లింగ్. చెక్కేటప్పుడు ఒక్కోసారి కట్టర్ వణుకుతుంది. వణికిందంటే పని పాడైనట్టే. ఆ వణుకు మొదలయ్యే ముందు యంత్రం చప్పుడులో చిన్న తేడా వస్తుంది. మైకుతో చప్పుడు రికార్డు చేసి ఆ తేడాను ముందే పసిగట్టడం నా పరిశోధన. ఇదంతా అమ్మకు విడమరిచి చెబితే, "అంటే మిషినికి దగ్గొస్తదా ఏందని జూసుడా?" అంది. ఇంచుమించు అంతే.

నా గైడ్ సుభద్ర మేడం. గుంటూరు వైపు మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగమంతా సూరత్‌లోనే గడిచింది. మరమగ్గాల బస్తీ నుంచి వచ్చిన నన్ను ఆవిడ ఎక్కువగా చూసిందీ లేదు, తక్కువగా చూసిందీ లేదు. తప్పు చేస్తే గట్టిగా తిట్టేవారు. మధ్యాహ్నం తన డబ్బాలోది సగం పెట్టేవారు.

మా లాబ్‌లో పాత వర్టికల్ మిల్లింగ్ యంత్రం ఒకటి ఉండేది. దాన్ని అత్యవసరంగా ఆపడానికి ముందువైపు ఒక ఎర్ర బటన్ ఉంది. మేడం పట్టుబట్టి వెనకవైపు కూడా ఒకటి పెట్టించారు. యంత్రం ముందున్న మనిషికి ఏమన్నా అయితే ఇంకొకరు ఆపగలగాలని ఆవిడ వాదన. పుట్టగొడుగులా ఉండే ఆ బటన్‌ను అరచేత్తో గట్టిగా మోదితే లోపలికి దిగి అక్కడే బిగుసుకుపోతుంది. మళ్లీ తిప్పి వదిలిస్తే తప్ప బయటికి రాదు. ఈ సంగతి తర్వాత కావాలి కాబట్టి ముందే చెబుతున్నాను.

నా ప్రయోగాలు చివరి దశలో ఉండగా, ఒకరోజు పొద్దున క్లాసులో పాఠం చెబుతూ మేడం కుప్పకూలిపోయారు. పక్షవాతం. కుడి వైపు పూర్తిగా పడిపోయింది. మాట కూడా పోయింది. ఆసుపత్రి నుంచి వాళ్ల చెల్లెలు వసంత ఆంటీ తనతో సూరత్ దగ్గరి బార్డోలీకి తీసుకెళ్లారు. ఆంటీకి అక్కడ బ్యాంకులో ఉద్యోగం. కొన్నాళ్లు సెలవు పెట్టి అక్కను చూసుకున్నారు.

నేను వీలైనప్పుడల్లా బస్సెక్కి వెళ్లేదాన్ని. చెరకు లారీల వెనక ఆగి ఆగి వెళ్లే బస్సు. ఇనుప కమ్మీలున్న ఆసుపత్రి మంచం ఒకటి అద్దెకు తెచ్చి ముందు గదిలో వేశారు. మేడం నన్ను గుర్తుపట్టేవారు. కళ్లనిండా నీళ్లు తిరిగేవి. ఫిజియోథెరపీ చేసే అతను రోజూ ఆ కుడిచెయ్యి పట్టుకుని ఆడించేవాడు. వదిలేస్తే తడిబట్టలా పడిపోయేది.

కాలేజీలో నాకు మరో గైడ్‌ను ఇస్తామన్నారు. అంశం కొంచెం మార్చుకుంటే త్వరగా అయిపోతుందని కూడా సలహా ఇచ్చారు. మంచికే చెప్పారు, కాదనను. కానీ మిగిలిన ప్రయోగాలు పూర్తయితే థీసిస్ మీద గైడ్‌గా మేడం పేరే ఉంటుంది. ఆవిడ ఇక ఏ విద్యార్థికీ గైడ్‌గా ఉండలేరని నాకు అప్పటికే అర్థమైంది. ఇదొక్కటైనా ఆవిడ పేరుతో రావాలనుకుని, పాత అంశం మీదే పట్టుదలగా కూర్చున్నాను.

అది ఎండాకాలం, మధ్యాహ్న భోజనాల వేళ. లాబ్‌లో నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఇలాంటి ప్రయోగానికి జనం లేకపోతేనే మంచిది, మైకులో మాటలు పడవు. ఉక్కు దిమ్మ బిగించాను. కట్టర్‌కు పళ్లలా ఉండే గట్టి బిళ్లలన్నీ చూసుకున్నాను. అన్నీ బిగుతుగానే ఉన్నాయి. కళ్లద్దాలు పెట్టుకుని, మైకు ఆన్ చేసి, యంత్రం నడిపాను.

కట్టర్ దిమ్మలో సగం దూరం వెళ్లింది. చప్పుడు మామూలుగానే ఉంది. మైకు కొంచెం పక్కకు జరిగినట్టనిపించి, సరిచేద్దామని రక్షణగా ఉన్న ప్లాస్టిక్ పలక పక్కనుంచి ముందుకు వంగబోయాను. ఠక్కున యంత్రం ఆగిపోయింది.

కరెంటు పోయిందనుకున్నాను. పైన ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. ముందువైపు బటన్ చూశాను, బయటికే ఉంది. యంత్రం చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లాను. అక్కడ బటన్ లోపలికి దిగి బిగుసుకుపోయి ఉంది.

ఎవరో వచ్చి నొక్కారనుకుని, "కౌన్ హై?" అని కేకేశాను. ఎవరూ పలకలేదు. యంత్రానికీ గోడకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి నిలబడేంత సందే ఉంది. అందులోంచి బయటికి రావాలంటే నా ముందునుంచే రావాలి.

నేనింకా ఆ సందులో ఉండగానే ఫోన్ మోగింది. వసంత ఆంటీ. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో తెలియలేదు.

"లావణ్యా, అక్క చెయ్యి కదిలిందమ్మా! కుడిచెయ్యే! ఇప్పుడే, నా కళ్ల ముందే. నిద్రలో ఉన్నదల్లా చెయ్యి ఎత్తి మంచం కమ్మీ మీద ఫట్‌మని కొట్టింది. ఇల్లంతా అదిరింది. ముందు నీకే చెబుతున్నాను."

నేను సంతోషంగా ఏదో అన్నాను. నిజం చెప్పాలంటే, అప్పుడు నా మనసు ఆ రెండింటినీ కలపలేదు. మేడం కోలుకుంటున్నారన్న ఆనందమే. ఫోన్ పెట్టేసి మెకానిక్ హస్‌ముఖ్‌భాయిని పిలిచాను.

ఆయన వచ్చి వైర్లు చూశాడు, సరిగ్గానే ఉన్నాయన్నాడు. బటన్ తిప్పి వదిలించే ముందు, అలవాటుగా కట్టర్‌ను చేత్తో కొంచెం తిప్పాడు. తిప్పినవాడు ఆగిపోయి నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఒక బిళ్ల కూర్చునే చోట కట్టర్ ఉక్కులో పగులు వచ్చింది. వేలు తగిలితే బిళ్ల ఊగుతోంది. ఇంకొన్ని చుట్లు తిరిగి ఉంటే అది ఊడి తుపాకీ గుండులా వచ్చేది. నేను వంగబోయిన వైపే ఉంది అది.

"బేన్, భగవాన్‌నే బచాయా," అన్నాడాయన. దేవుడే కాపాడాడని. ఆయనకు అది చాలు.

నాకు చాలలేదు. తలుపు మీది కెమెరా రికార్డు చూశాను. ఆ వేళలో లోపలికి ఎవరూ రాలేదు, బయటికి ఎవరూ పోలేదు. తర్వాత నా రికార్డింగ్ తీశాను. చప్పుళ్లను విడదీయడమే కదా నా చదువు. కట్టర్ మోతను తీసేసి విన్నాను. యంత్రం ఆగడానికి రెప్పపాటు ముందు ఒక దెబ్బ ఉంది. ఆ బటన్‌ను నేను రకరకాలుగా నొక్కి రికార్డు చేసి పోల్చి చూశాను. వేలితో నొక్కితే ఆ చప్పుడు రాలేదు. అరచేత్తో బలంగా మోదితే వచ్చింది. అడుగుల చప్పుడు, ఊపిరి చప్పుడు, ఇంకేదీ లేదు.

అప్పుడు ఆంటీ ఫోన్ గుర్తొచ్చింది.

ఇంటికి వెళ్లి నాన్నకు మొత్తం చెప్పాను. ఆయన ఏదో ఒక కారణం చూపిస్తాడని నా ఆశ. బటన్ ఎట్లుంటది, స్ప్రింగు ఎటు దిక్కుంటది, దానంతటది దిగుతదా అని అన్నీ అడిగాడు. దిగదన్నాను. "నాకు తెల్వది బిడ్డా. జర పైలం" అన్నాడు చివరికి. నాన్న నోట తెలియదన్న మాట యంత్రాల విషయంలో నేను వినడం అదే మొదలు.

మేడం కుడిచెయ్యి ఆ తర్వాత కదల్లేదు. ఆంటీ ఎంత ఆశపడ్డారో. డాక్టరు మాత్రం, అలాంటి చెయ్యి ఎప్పుడైనా ఒకసారి అదురుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదన్నాడట. మాట మాత్రం మెల్లమెల్లగా వచ్చింది. ముక్కలుముక్కలుగా, కొంచెం ముద్దగా.

థీసిస్ పూర్తయింది, మేడం పేరుతోనే. పట్టా వచ్చాక బార్డోలీ వెళ్లి ఆవిడ ఒళ్లో పుస్తకం పెట్టాను. ఎడంచేత్తో పేజీలు తిప్పి, ఒక బొమ్మ దగ్గర ఆగి, "ఈ గీత... సన్నగా ఉంది. కనపడదు," అన్నారు. నేనూ ఆంటీ ఒకరినొకరు చూసుకుని నవ్వేశాం.

ఆంటీ వంటింట్లోకి వెళ్లాక ఆ మధ్యాహ్నం సంగతి మేడంకు చెప్పాను. అప్పటిదాకా ఆవిడకు చెప్పే ధైర్యం రాలేదు. ఆవిడ కళ్లు ఆర్పకుండా విన్నారు.

"మీకేమన్నా గుర్తుందా మేడం? కలలాంటిది ఏమన్నా?" అని అడిగాను.

అడ్డంగా తల ఊపారు. చెయ్యి ఇలా తెమ్మని సైగచేసి, ఎడంచేత్తో నా వేళ్లు ఒక్కొక్కటీ తడిమి చూశారు.

"నీకు... ఏం తగల్లేదుగా?"

"లేదు మేడం."

"అయితే సరే," అని కళ్లు మూసుకున్నారు. కాసేపటికి నిద్రపట్టింది.

నేను అక్కడే కూర్చున్నాను. పగులుకు కారణం ఉంది, లోహం అలసిపోతే పగులుతుంది. చెయ్యి అదరడానికి డాక్టరు కారణం చెప్పాడు. బటన్‌కు మాత్రం నా దగ్గర ఏ కారణమూ లేదు. ఆ రికార్డింగ్ ఇప్పటికీ ఉంచుకున్నాను. అడిగినవాళ్లకు వినిపించాను.

మేడం కుడిచెయ్యి చిన్న దిండు మీద ఉంది. దండం పెడదామనిపించింది, మనసు ఒప్పుకోలేదు. నమ్మనిదానికి ఎలా పెట్టను? వేళ్లు చూశాను. గోళ్లు పెరిగి ఉన్నాయి. ఆంటీని అడిగి నెయిల్ కట్టర్ తెచ్చుకుని, మేడం లేవకుండా మెల్లగా ఒక్కొక్కటీ కత్తిరించి, ఆ చేతిని దుప్పట్లో పెట్టి వచ్చాను.