ఎడమ పక్క డోరు

మా సార్ పోయి ఇంకా నెల కాలేదు. ఇంత తొందరగా ఆయన గురించి రాయడం ఏమిటని తెలిసినవాళ్ళు అనుకోవచ్చు. దుఃఖం కొంచెం సర్దుకున్నాక నిదానంగా రాయాలని నాకూ ఉంది. కాని ఆగడానికి వీల్లేదు. సార్ సగంలో వదిలి వెళ్ళిన పని ఒకటి ఉంది. కార్తీక పౌర్ణమి దాటితే అది ఇక ఎప్పటికీ పూర్తి కాదు. దానికి కావలసిన వస్తువు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎవరో ఒకరి ఇంట్లో ఉందని సార్ నమ్మారు. నేనూ నమ్ముతున్నాను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఆ రోజు నేను మహబూబాబాద్ నుంచి తొర్రూరుకు బస్సులో వస్తున్నాను. అక్కడి తుక్కు దుకాణంలో పాత కారు డోరు ఒకటి పడి ఉందని ఎవరో చెబితే, చూసి రమ్మని సారే పంపారు. వెళ్ళి చూస్తే అది జీపుది. ఆ మాట ఫోన్లో చెప్పబుద్ధి కాలేదు. ఎదురుగా కూర్చుని చెబుదామనుకున్నాను. నెల్లికుదురు దాటాక సార్ తమ్ముడి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"బిడ్డా, అన్న పోయిండు. షెడ్డుల కూసున్నోడు కూసున్నట్టే ఒరిగిండు. దవాఖానకు తీస్కపోయేసరికే ఐపోయింది."

పక్క సీటులో కూర్చున్న ఆమె నా ముఖం చూసి, ఏమైందని అడగకుండా లేచి, కిటికీ పక్క చోటు నాకిచ్చింది. ఆమె ఎవరో తెలియదు. ఆ చోటులో కూర్చుని తొర్రూరు దాకా నేను చేసిందల్లా, జీపు డోరని సార్‌కు ఎట్లా చెప్పాలా అని ఆలోచించడమే. చెప్పాల్సిన మనిషి లేడన్నది ఇంకా లోపలికి దిగలేదు.

సార్ పాలిటెక్నిక్‌లో మాకు ఆటోమొబైల్ పాఠాలు చెప్పేవారు. మాది జనగామ దగ్గర పల్లె. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే. వర్క్‌షాపులో లేత్ మిషన్ తిరుగుతుంటే దూరంగా గోడకు ఆనుకుని నిలబడేదాన్ని. మిగతావాళ్ళు నవ్వేవాళ్ళు. సార్ మాత్రం, "భయం ఉండుడే మంచిది బిడ్డా. భయం లేనోని వేళ్ళే ముందు పోతయి. భయపడుకుంటనే దగ్గరికి రా," అన్నారు. ఇవాళ్టికీ ఏ మిషన్ దగ్గరికి వెళ్ళినా నేను అట్లాగే వెళ్తాను.

రిటైరయ్యాక సార్ తొర్రూరులో మూతబడిన రైసుమిల్లు షెడ్డు కిరాయికి తీసుకున్నారు. వెనకట పెద్దింటి కొడుకులు కొందరు విదేశాల నుంచి తెప్పించుకున్న స్పోర్ట్స్ కార్లు ఉండేవి. రెండే సీట్లు, పైన కప్పు లేకుండా, నేలకు ఆనుకున్నట్టుగా ఉండి, దూసుకుపోయే బండ్లు. నడిపినవాళ్ళు పోయాక అవి పశువుల కొట్టాల్లో, గడ్డివాముల కింద పడిపోయాయి. వాటిని బాగుచేయడమే సార్ పని. చదువు అయ్యాక నేనూ ఆ షెడ్డులోనే చేరాను.

బాగుచేయడం అంటే చాలామంది అనుకునేది వేరు. బండి తెచ్చినవాళ్ళు సాధారణంగా, "సార్, షోరూంల నుంచి ఇప్పుడే దిగినట్టు మెరవాలె," అంటారు. అట్లా అడిగినవాళ్ళకు సార్ చాయ్ తాగించి పంపించేవారు. ఆయన మాట ఒకటే. "కొత్తగ చేసుడు ఎవనికైనా వస్తది. పాతదాన్ని పాతగనే నడిపిచ్చుడు, గది పని." ఇంజన్ విప్పుతారు, బ్రేకులు సరిచేస్తారు, తిరగాల్సినవన్నీ తిరిగేలా చేస్తారు. కాని కంపెనీ వేసిన రంగు ఎక్కడ కొంచెం మిగిలినా దాన్ని ముట్టుకోరు. సీటు తోలు పగిలితే మార్చరు, వెనుక నుంచి గుడ్డ అతికి నిలబెడతారు. "రంగు ఒక్కపారే మొదటిది. రెండోది ఎంత మంచిదైనా రెండోదే," అనేవారు.

ఆయన పద్ధతులు కొన్ని చూసి కొత్తవాళ్ళు తికమకపడేవారు. టిఫిన్ సెంటర్ వాళ్ళు పారేసిన ఇడ్లీ ప్లేట్లు తెచ్చి వరుసగా పెట్టుకునేవారు. విప్పిన స్క్రూలు ఒక్కో గుంటలో ఒక్కో చోటువి. ఏ గుంటలోంచి తీసిందో ఆ చోటుకే పోవాలి. ఒకలాంటివే కదా అంటే, "ఇన్నేండ్లు ఒక్కచోట ఉన్నయి, అలవాటైంది వాటికి," అనేవారు. పాత రంగు మీది మురికి తీయడానికి దూదిని ఉమ్ముతో తడిపి, చిటికెడంత మేర, మెల్లగా తుడిచేవారు. సబ్బు గాని, కిరోసిన్ గాని దగ్గరికి రానిచ్చేవారు కాదు. మా అవ్వ ఒకసారి షెడ్డుకు వచ్చి ఇది చూసింది.

"ఛీ, గిదేం సదువే? ఉమ్ముతోటి కడుగుడు నేర్సుకుంటందుకా జనగాం బస్సులకు గన్ని పైసలు పెట్టినం?"

సార్ తల ఎత్తకుండానే, "అవ్వా, నీ బిడ్డ చిన్నగున్నప్పుడు మూతి దేనితోటి తుడిచినవ్?" అన్నారు. అవ్వ కొంగుతో నవ్వు దాచుకుంది.

అయితే అవ్వ కోపం ఉమ్ము మీద కాదు, అప్పుడు సార్ తుడుస్తున్న బండి మీద. అది భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దగ్గరి ఒక ఊరి దొర బండి. లేత పచ్చ రంగు, ఒళ్ళంతా అల్యూమినియం రేకు. దొరలు ఊరు విడిచి హైదరాబాద్ వెళ్ళిపోయినప్పుడు గడిలో, కోటలాంటి ఆ ఇంటి వెనుక కొట్టంలోనే దాన్ని వదిలేశారు. ఇన్నేళ్ళకు ఆ ఇంటి మనుమడు దాన్ని లారీలో వేసి మా షెడ్డుకు తెచ్చాడు. అవ్వ తల్లిగారి ఊరు ఆ పక్క ఊరే. బండిని చూడగానే గుర్తుపట్టింది.

"గిది వస్తాంటే మేం బాట దిగి పొలంల నిలబడెటోళ్ళం. చెప్పులు చేతుల పట్టుకొని. నిన్ను సదివిచ్చింది గీ దొర కారు తోమనీకేనానే?"

ఆ మాట నన్ను చాలా రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. పని చేస్తూ చేస్తూ ఆగిపోయేదాన్ని. సార్ గమనించారు. వెనుక ఎడమ మడ్‌గార్డు మురికి తుడిచే పని నాకిచ్చారు.

తుడుస్తుంటే రేకు మీద గీతలు తేలాయి. మేకుతో గీసినవి. మొదట దేనికో రాచుకుపోయిందనుకున్నాను. ఇంకొంచెం తుడిస్తే 'క' కనిపించింది. తరువాత ఖ, గ, ఘ. ఙ దగ్గర రాసినవాళ్ళు తడబడ్డారు. రెండుసార్లు గీసి, రెండుసార్లూ కొట్టేసి, వదిలేసి ముందుకు పోయారు. అట్లా 'త' దాకా వచ్చి, మడ్‌గార్డు వంపు దగ్గర చోటు అయిపోయి ఆగారు.

అవ్వను మళ్ళీ తీసుకువచ్చి చూపించాను. ఆమెకు చదువు రాదు. వేలితో తడిమింది.

"గిదేం అక్షరం?"

"క, అవ్వా."

"జర సక్కగ రాయద్దా మరి," అంది. అని, వేలు మాత్రం తీయలేదు.

దొరలు పోయాక ఆ కొట్టంలో కొన్నాళ్ళు రాత్రిబడి నడిచిందని అవ్వే చెప్పింది. పలకలు అందరికీ అందలేదట. దీపం వెలుతురు పడే చోట ఈ బండి ఉండేది. క నుంచి మొదలైందంటే అంతకు ముందువి, అ నుంచి అః దాకా, దాని ముందున్న డోరు మీద ఉండి ఉంటాయని సార్ అన్నారు. కాని ఎడమ డోరు లేదు. బండి మా షెడ్డుకు వచ్చేటప్పటికే లేదు.

బండి యజమానికి ఆ అక్షరాలు నచ్చలేదు. ఆయన చెడ్డవాడు కాదు. సార్ అంటే గౌరవం. కాని తన తాత బండి మీద ఎవరో గీశారన్నది ఆయనకు మింగుడు పడలేదు.

"సార్, కంపెనీ రంగు ముట్టొద్దన్నరు, సరే అన్న. మరి గీ గీకుడు గూడ ఒరిజినలేనా?"

"కంపెనీల రాసింది గాదు, నిజమే. కాని గీ పిల్లగాడు మళ్ళ గీ బండి మీద ఓనమాలు దిద్దడు గద."

"మీతోటి మాట్లాడి గెలిచినోడు ఉన్నడా సార్?" అని ఆయన నవ్వారు. చివరికి ఒక మాటకు వచ్చారు. డోరు దొరికితే, దాని మీద మిగతా అక్షరాలు నిజంగా ఉంటే, బండిని ఉన్నది ఉన్నట్టు ఉంచుతారు. దొరకకపోతే కొత్త డోరు చేయించక తప్పదు. కొత్త డోరు రంగు పాత రంగుతో కలవదు. కాబట్టి బండి మొత్తం గీకించి, జనగామలో టింకరింగ్ చేయించి, కొత్త రంగు వేయిస్తారు. చలికాలంలో హైదరాబాద్‌లో పాత కార్ల ప్రదర్శనకు బండి వెళ్ళాలి. అందుకే కార్తీక పౌర్ణమి గడువు.

డోరు వెతకడానికి సార్ ఆ ఊరికి మొదటిసారి యజమాని బండిలోనే వెళ్ళారు. నేనూ వెళ్ళాను. పెద్ద నల్ల బండి వెళ్ళి గడి ముందు ఆగింది. దొర మనుమడు దిగాడు, వెనుక సార్ దిగి, మెత్తగా, "మా బండి డోరు ఒకటి కావాలె," అని అడిగారు. ఊరంతా ఒకే జవాబు. మాకు ఎర్కలేదు. ఒక ఇంటి ముందు బియ్యం చెరుగుతున్న ఆమె చాట దించి అన్నది:

"ఏ డోరు సారూ? మా ఇంటికే డోరు లేదు, గోనె కట్టుకొని ఉన్నం. దొరకు కావాలెనంటే గది తీస్కపో."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. తిరిగి వస్తుంటే సార్ కూడా నవ్వుతూనే ఉన్నారు. ములుగు దాటాక నవ్వు ఆగింది. "ఎవని బండ్ల పోయి ఏం అడిగిన నేను?" అన్నారు. వాళ్ళకు మేము పోయిన సొమ్ము రాబట్టడానికి వచ్చినవాళ్ళలాగా కనబడ్డాం. డోరు ఉన్నదంటే దొంగతనం ఒప్పుకున్నట్టే.

రెండోసారి బస్సులో వెళ్ళాం. సార్, నేను, అవ్వ. అవ్వే వస్తానంది, ఎందుకో చెప్పలేదు. ఈసారి సార్ వెనుక ఉండిపోయారు. అవ్వ తన ఈడు ముసలమ్మ అరుగు మీద కూర్చుని, ముందు మోకాళ్ళ నొప్పుల గురించి, తరువాత ఎవరెవరు పోయారో దాని గురించి మాట్లాడి, అప్పుడు డోరు సంగతి ఎత్తింది.

"ఉండె పిల్లా," అంది ఆ ముసలమ్మ. "మా పక్కింటోళ్ళు కోళ్ళ గూటికి అడ్డం పెట్టుకున్నరు. వాళ్ళ పిల్లను ఇచ్చినప్పుడు గదాన్ని బండ్ల ఏస్కపోయిన్రు. తేలిగ్గ ఉంటది, తుప్పు పట్టదు. మానుకోట దిక్కు ఇచ్చినట్టున్నరు. లేదంటే జనగాం దిక్కు. వాళ్ళు గూడ ఊరు విడిచిపోయిన్రు, నాకేం యాదికుంటది?"

"దాని మీద రాతలు ఉండెనా?" అని నేను ఆగలేక అడిగాను.

"నాకు సదువస్తె గద చెప్పనీకె," అని నవ్వింది.

బస్టాండులో సార్ మిర్చి బజ్జీలు కొనిచ్చారు. ఆయన అంత సంతోషంగా ఉండగా నేను చూసింది ఆ రోజే. "ఉన్నది బిడ్డా, యాడనో కోళ్ళను కాసుకుంట ఉన్నది," అన్నారు. అవ్వ వైపు తిరిగి, "అవ్వా, మీ మనుమరాలి కంటే నువ్వే పనికొస్తవ్ షెడ్డుకు," అన్నారు. "జీతమెంతిస్తవ్ మరి?" అంది అవ్వ.

ఆ తరువాత నేను కుదురుగా ఉన్నది తక్కువ. మానుకోట అంటే మహబూబాబాదే, దాని చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. బస్సులో పోతుంటే ప్రతి కోళ్ళ గూటి మీదికీ చూపు పోతుంది. లేత పచ్చ రంగు ఏది కనిపించినా దిగిపోవాలనిపిస్తుంది. సార్ పోయాక ఇది ఇంకా ఎక్కువైంది. కర్మకాండ రోజున భోజనాల దగ్గర వడ్డిస్తూ కూడా వచ్చిన బంధువులను మీది ఏ ఊరని అడిగాను. అవ్వ నన్ను పక్కకు లాగి, "గిప్పుడు గాదే, జర ఆగు," అంది. ఆగలేకపోయాను. సార్ కోసం నేను ఏడవలేదని ఒకరిద్దరు అనుకున్నారు. ఏడవడానికి కూర్చోవాలి. కూర్చుంటే ఒక రోజు పోతుంది.

సార్ గొప్పవారని చెప్పడానికి ఇది రాయలేదు. అట్లా అంటే ఆయనకే నచ్చదు. ఒక దొర బండి మీద, పేరు తెలియని మనిషి మేకుతో గీసిన ఓనమాలను, రంగు ఎంత అపురూపమో అంత అపురూపంగా చూడవచ్చని ఆయన దగ్గర నేర్చుకున్నాను. మా అవ్వ అడిగినదానికి నా జవాబు అది. సార్ ఉండగా ఆ మాట ఆయనతో అనలేదు. అనాల్సిన అవసరం ఉందని అప్పుడు తోచలేదు.

చదువుతున్న మీకు నా మనవి. మీ ఇంట్లో గాని, మీ అత్తగారి ఊళ్ళో గాని, కోళ్ళ గూటికో, ధాన్యం కుండల మీదికో, స్నానాల చోట అడ్డానికో పాత అల్యూమినియం కారు డోరు ఉంటే ఒకసారి తిప్పి చూడండి. మురికిని గట్టిగా రుద్దకండి. అడుగున లేత పచ్చ రంగు, మేకు గీతలు ఉంటే చెప్పండి. అది మీ దగ్గరికి ఎట్లా వచ్చిందని ఎవరూ అడగరు. దొర మనుమడు కూడా అడగనని నాకు మాటిచ్చాడు. గూటికి కొత్త తలుపు నేనే చేసి బిగిస్తాను. తొర్రూరు బస్టాండులో దిగి పాత కార్ల షెడ్డు ఎక్కడంటే ఎవరైనా చూపిస్తారు. ఈ పత్రికకు ఒక కార్డు ముక్క రాసినా నాకు చేరుతుంది.

ఒకవేళ అది ఇక లేదు, ఏనాడో తుక్కు కింద అమ్మేస్తే కరిగించి గిన్నెలు చేశారు అని మీకు తెలిస్తే, అదీ చెప్పండి. అటువంటి గిన్నె ఒకటి మీ పొయ్యి మీద ఉంటే, అన్నం ఉడుకుతున్నా సరే, వచ్చి చూస్తాను. ఏదైనా కార్తీక పౌర్ణమి లోపు చెప్పండి.